ఇప్ప చెట్టు కింది పొగ

పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నారు, కూర్చుంది. ఈ బెంచీని సక్రి పదకొండేళ్లుగా రోజూ తుడుస్తోంది గానీ దాని మీద కూర్చోవడం ఇదే మొదలు. తుడిచేటప్పుడు నున్నగా కనిపించే బల్ల ఒకచోట గరుగ్గా ఉందని, ఆ గరుకు సరిగ్గా తొడ కిందే తగులుతుందని ఇప్పుడు తెలిసింది. పక్కకు జరగొచ్చు. జరిగితే అవతలి కొసన కూర్చున్న పైలట్ పిల్ల తండ్రికి దగ్గరవుతుంది, అందుకే జరగలేదు. ఎదురుగా ఆఫీసు గది తలుపు వేసి ఉంది. తలుపు వెనక ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు, ఇక్కడి మేనేజర్ జయప్రకాశ్, చేతికి కట్టుతో పైలట్ పిల్ల పద్మప్రియ. తొమ్మిది రోజుల కిందట ఆ పిల్ల ఒక్కతే నడుపుకుంటూ వచ్చిన చిన్న విమానం దిగి, ఆగలేక, రన్‌వే దాటి, కంచె తెంచుకుని పామాయిల్ తోటలో పడింది. ఎందుకు పడిందో తేల్చడానికి వచ్చారు వీళ్లు. మొదట పరుగెత్తింది సక్రి, పిల్లను బయటికి లాగింది సక్రి, కాబట్టి సక్రి సాక్షి. చూసింది చెప్పాలి. చూసినదాంట్లో ఎంత చెప్పాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు, ఒక్క మొగుడు తప్ప.

గోడకున్న కూలర్ గుడగుడమంటోంది. ఈ రన్‌వే వేసేటప్పుడు తిరిగిన రోలర్ కూడా ఇలాగే గుడగుడమనేది. అప్పుడు సక్రికి ఇరవై ఏళ్లు, నెత్తి మీద కంకర తట్ట, మొగుడు హాతీరాం కాళ్లకు గోనెపట్టాలు చుట్టుకుని తారు పోసే గుంపులో. ఏదో కంపెనీ తన పెద్దల రాకపోకల కోసం వేయించుకుంది. పెద్దలు నాలుగుసార్లు వచ్చారేమో, తర్వాత కంపెనీయే పోయింది, అశ్వారావుపేట అడవి పక్కన నల్లటి బాట మాత్రం మిగిలింది. అంత ముచ్చటైన రోడ్డు, ఎక్కడికీ పోని రోడ్డు, అని తండాలో ఎగతాళి చేసేవాళ్లు. పదకొండేళ్ల కిందట విమానం నడపడం నేర్పే బడివాళ్లు కిరాయికి తీసుకుని, హాతీరాంను కాపలాకు, సక్రిని ఊడ్చి తుడిచే పనికి పెట్టుకుని, ఉండటానికి క్వార్టర్ ఇచ్చారు. విమానాలు పొద్దున్నే వస్తాయి, నేలను తాకి మళ్లీ లేచిపోతాయి. మొదట్లో భయపడి పారిపోయిన కొంగలు కూడా ఇప్పుడు కాస్త పక్కకు జరిగి నిలబడుతున్నాయి. కొంగలు గాలికి ముఖం పెట్టి నిలబడతాయి, అన్నీ ఒకే దిక్కు చూస్తూ, బడిలో పిల్లల్లాగా. సక్రి వాటిని చూసే బట్టలు ఏ తీగ మీద ఆరేయాలో చూసుకునేది. గాలి చూపించడానికి స్తంభానికి ఒక ఎర్ర తెల్ల పట్టీల గుడ్డ సంచి కూడా ఉండేది గానీ శివరాత్రి ముందటి గాలివానకు అది చిరిగి ఎగిరిపోయింది. కొత్తది పంపమని జయప్రకాశ్ మూడుసార్లు రాశాడు. స్తంభం ఇంకా బోడిగానే ఉంది.

ఆ సంచి ఉంటే. ఉంటే ఏముంది, ఆ పిల్ల దాన్ని చూసేది, పొగను చూసేది కాదు. ఇలా అనుకోవడం సక్రికి ఆరు రోజులుగా అలవాటైపోయింది, అనుకున్నప్పుడల్లా కాస్త ఊపిరి ఆడుతుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. సంచి లేకపోవడం సక్రి తప్పు కాదు. మంట సక్రిదే.

ఇప్ప పువ్వు ఏరేవాళ్లెవరైనా చేసే పనే చేసింది. ఫాల్గుణం వెళ్తుండగా ఇప్ప చెట్లు ఆకంతా రాల్చేస్తాయి, ఆ మోకాలెత్తు ఆకుల్లో పువ్వు పడితే వెతుక్కోవడం ఎవరి తరం. అందుకని చెట్టు కింద ఊడ్చి కుప్పచేసి, చుట్టూ కొమ్మతో గీత గీసి, చిన్న మంట పెడతారు. మంట గీత దాటకుండా ఓ మనిషి కొమ్మ పట్టుకుని తిరగాలి. నేల నల్లగా, శుభ్రంగా మిగులుతుంది. మర్నాడు తెల్లవారకముందే ఆ నలుపు మీద పువ్వు, లేత పసుపు పువ్వు, బరువుగా, తడిగా, టప్ టప్‌మని. చీకట్లో దీపం లేకుండా ఏరుకోవచ్చు. యాడి, అంటే కన్నతల్లి, నేర్పింది ఇది. యాడి ముందు నడుస్తూ చెట్టుచెట్టునూ ఇది మనది, ఇది కోయోళ్లది, ఇది ఎవ్వలదీ కాదు పిట్టలది అని చెప్పేది. ఆమె కొంగుకు పువ్వు వాసన, పొగ వాసన కలిసి ఉండేవి. ఆమె పోయి పద్దెనిమిదేళ్లయింది. సక్రి ఇప్ప పువ్వు ఏరేది సంతకు కొంత, కుడుముల్లోకి కొంత, ఆ వాసన కోసం కొంత. ఫారెస్టు గార్డు రెండేళ్లుగా మంటలొద్దంటున్నాడు. కంచె లోపల మంట కనబడితే క్వార్టర్ ఖాళీ చేయాల్సిందేనని జయప్రకాశ్ కూడా ముందే చెప్పాడు. చెప్పాడు, సక్రి తలూపింది. తలూపి, పడమటి కొసన కంచె లోపలే వాగు ఒడ్డున ఉన్న మూడు చెట్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ పల్లం, ఎవరికి కనబడుతుంది అనుకుంది. భూమ్మీద నడిచేవాళ్ల సంగతే ఆలోచించింది, పైనుంచి వచ్చేవాళ్లు గుర్తుకు రాలేదు.

ఆ పొద్దున రెండు చెట్ల పువ్వు ఏరడం అయిపోయింది, బుట్ట నిండింది, మూడో చెట్టు కింద మంట పెట్టింది. ఏడున్నర అయి ఉంటుంది, వాగులో ఇంకా చల్లగానే ఉంది. ఆకు కొంచెం మంచుకు తడిసి మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ నేలబారుగా వాగు వెంట పడమటికి పాకింది. పొద్దుపూట ఆ పల్లంలో గాలి నీళ్ల వెంట కిందికే దిగుతుంది, పైన ఎటు వీస్తేనేం. సక్రికి అది చేతిగీత తెలిసినట్టు తెలుసు. పైన మాత్రం పడమటి గాలి బాగానే ఉంది, రన్‌వే మీద కొంగలన్నీ పడమటికే చూస్తున్నాయి. విమానం చప్పుడు వినపడింది, ఒక చుట్టు తిరిగింది, తర్వాత నెత్తి మీదుగా ఇంత కిందుగా వచ్చింది, నీడ బుట్ట మీది నుంచి దాటిపోయింది. ఇయ్యాల ఇటు నుంచి వస్తుందేంది, అనుకుంది సక్రి. అనుకున్న సంగతి ఇప్పటికీ గుర్తుంది, అదే బాధ. గాలి పడమటిదైనప్పుడు అవి తూర్పు నుంచి వస్తాయి. పదకొండేళ్లుగా చూస్తున్న మనిషికి అది తెలిసే ఉంది, తెలుసునని తెలియలేదు.

తర్వాత చప్పుడు. పెద్దదేం కాదు, రేకుల కప్పు మీద ఎవరో దూకినట్టు. కిలోమీటరు పొడవున్న రన్‌వే, యాభై దాటిన మోకాళ్లు, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని సక్రి పరుగెత్తింది. హాతీరాం పాలకు వెళ్లాడు. తోట పనివాళ్లు ఎనిమిదికి గానీ రారు. విమానం నీళ్ల కాలవలో ముక్కు గుచ్చి, తోక పైకెత్తి ఉంది. చక్రం ఒకటి ఇంకా తిరుగుతోంది. పెట్రోలు వాసన. బెల్టు ఎలా విప్పాలో తెలియక నడుముకు చెక్కుకున్న కొడవలితో కోసింది. పిల్లను చంకల కింద పట్టి లాగుతుంటే ఆ పిల్ల స్పృహలోనే ఉండి, ఏడవకుండా, నొప్పి అనకుండా, ఒక్కటే మాట అంది, "పొగ ఇటు పోయిందిగా పెద్దమ్మా, గాలి ఇటే కదా". సక్రి ఏం జవాబు చెప్పింది? ఊకో బిడ్డా, ఊకో, అంది. తెలియక అంది, అప్పటికి నిజంగానే తెలియదు. అంబులెన్సులో కూడా వెళ్లింది, అశ్వారావుపేట దవాఖానా దాకా ఆ తల తన ఒళ్లోనే ఉంది, చిన్న తల, చెవి వెనక మట్టి. ఆ మట్టిని వేలితో తీస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మూడో చెట్టు కింద మంట లేదు, మసి లేదు. హాతీరాం బూడిదంతా వాగులోకి ఊడ్చి, నల్లటి నేల మీద మన్ను చల్లి, పైన ఎండాకు కప్పేశాడు. ఎంత బాగా కప్పాడంటే తన చెట్టేనా అని సక్రికే అనుమానం వచ్చింది. పనిమంతుడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది తమ లంబాడీ మాటే, ఆ మాటలో చాలా మెల్లగా చెప్పాడు, పోలీసులు వస్తారు, ఫారెస్టోళ్లు వస్తారు, మంట సంగతి నువ్వు ఎత్తకు, మంటకూ దీనికీ ఏం సంబంధం అని. ఏం సంబంధం అని సక్రి కూడా అంది. ఆ రాత్రి కుడుములు చేసుకుని తిన్నారు.

సంబంధం మూడో రోజున తెలిసింది. విరిగిన విమానాన్ని లారీకి ఎక్కించడానికి ఒక మెకానిక్ వచ్చాడు, భద్రాచలం వైపు మనిషి, చాయ్ ఇస్తే తాగుతూ మాటల్లో పడ్డాడు. "విమానం ఎప్పుడైనా గాలికి ఎదురుపోయి దిగాలమ్మా, గాలి అడ్డం పడి ఆపుతది. గీ పిల్ల గాలి ఎనక పెట్టుకొని దిగింది. ఎనకనుంచి తోసుడే, ఇగ ఆగుతదా?" ఎందుకట్ల చేసింది మరి, అని అడిగింది సక్రి. "పొగ చూసి గాలి అటుందనుకున్న అంటది. మాకు సంచి లేకపోతే పొగనే గుర్తు. కానీ పొగ యాడిది? ఎవ్వలు చూడలే. తప్పు చేసి కత చెప్తున్నదని ఆఫీసర్లు అనుకుంటున్రు. లైసెన్సు పోతది." చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి సక్రి చాలాసేపు కడిగింది. చేట ఎత్తి వడ్లు తూర్పారబట్టిన మనిషి, పొట్టు ఎటు పోతుందో చూసి గాలి చెప్పగల మనిషి, తన పొగ ఎటు పోయిందో ఆలోచించకపోయింది.

దాని తర్వాతే చీర వచ్చింది. ఈ పక్కన కూర్చున్నాయనే తెచ్చాడు, మురళీకృష్ణ, తల్లాడ దగ్గర మిరప తోటలున్న రైతు, తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చినవాళ్లు. భార్యాభర్తలిద్దరూ వచ్చి, ఇత్తడి పళ్లెంలో చీర, జాకెట్టు ముక్క, పండ్లు పెట్టి, మా అమ్మాయికి మీరే తల్లయ్యారు అని ఆమె సక్రి కాళ్లకు వంగబోయింది. సక్రి ఒక్క అంగలో వెనక్కి జరిగింది. అది సిగ్గనుకున్నారు వాళ్లు. పేపర్లో కూడా వేశారు, గిరిజన మహిళ సాహసం అని, ఫొటోలో సక్రి ఎండకు కళ్లు చికిలించి దొంగలా ఉంది. తండాలో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న కొద్దీ అన్నం లోపలికి పోవడం లేదు. ఆ చీర పెట్టెలో ఉంది, మడత విప్పలేదు, రంగేమిటో ఆమెకే తెలియదు.

నేను చూడలే, అంటే సరిపోతుంది. ఆ మాట సక్రికి కొత్తది కాదు. చర్ల దారిలో అడవి అంచున పుట్టిన పిల్లకు ఉగ్గుతో పెట్టిన మాట అది. బాపు బిచ్యా పోడు చేలో దున్నుతుంటే ఒకరోజు పోలీసులు వచ్చి అడిగేవాళ్లు, అడవిలో ఉండే అన్నలు ఇటు పోయారా అని. చూడలే. ఇంకోరోజు వాళ్లు వచ్చి అడిగేవాళ్లు, వీళ్ల జీపు వచ్చిందా అని. చూడలే. కళ్ల ముందు నుంచే పోయారు, బాపు ఇచ్చిన నీళ్లే తాగి పోయారు, అయినా చూడలే. చూడలేదన్నందుకు దెబ్బలు తిన్నాడు గానీ చూశానన్న పక్క చేను మనిషి మళ్లీ చేలోకే రాలేదు. ఆ మాట పట్టుకునే బాపు ఆరుగురు పిల్లల్ని సాకాడు. దాన్ని తప్పని సక్రి ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోదు. బాపు చూడలేదంటే ఎవరికీ ఏమీ పోయేది కాదు, అడిగినవాడి ఓపిక తప్ప. ఇక్కడ మాత్రం సక్రి చూడలేదంటే తలుపు వెనకున్న పిల్ల చూసింది కూడా లేకుండా పోతుంది.

"నీళ్లు తాగుతారా సక్రమ్మా?" మురళీకృష్ణ సీసా చాచాడు. తాగింది. ఆయన గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఇంత సేపూ నేలను చూస్తున్న మనిషి ఇప్పుడు మాట్లాడటానికి దొరికిందే చాలన్నట్టు మొదలుపెట్టాడు. "మాకు లైసెన్సు పోతే పోయిందమ్మా. తోట ఉంది, ఇంట్లో కూర్చున్నా తింటుంది. అది కాదు నా బాధ. మొదట రెండ్రోజులు గట్టిగా వాదించింది, పొగ చూశాను నాన్నా, తెల్లగా, వాగు పక్కన అని. అందరూ లేదు లేదంటుంటే ఇప్పుడు నన్నే అడుగుతోంది. నిజంగా చూశానా, అనుకున్నానా నాన్నా అని. నిన్న పాలగిన్నె పట్టుకుని, ఇది పొయ్యి మీద పెట్టానా దించానా అని నిలబడిపోయింది. దాని కళ్లను అదే నమ్మడం లేదు." ఆయన సీసా మూత బిగించాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. సక్రి గేటు వైపు తిరిగింది.

గేటు దగ్గర కానుగ నీడలో హాతీరాం కంచె తీగ బిగిస్తున్నాడు. బిగిసిన తీగనే మళ్లీ బిగిస్తున్నాడు, ఇటు చూడటం లేదు. పొద్దున చెప్పు తొడుక్కుంటూ కూడా ఏమీ అనలేదు, చెప్పాల్సింది ముందే చెప్పేశాడు కాబట్టి. మంచి మనిషే. రెండు గదుల క్వార్టర్, పంపు నీళ్లు, నెలనెలా చేతికొచ్చే నౌకరి, అరవైకి దగ్గరపడ్డ మనిషికి మళ్లీ ఎవరిస్తారు. తండాలో అన్నదమ్ముల చూరు కిందికి పోవాలి. క్వార్టర్ వెనక సక్రి వేసిన మునగ ఈ ఏడే కాపుకొచ్చింది. మునగ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పోతే పోతాయి. కూలికి తట్ట మోసిన నెత్తి ఇంకా ఉంది. కానీ అది తన నెత్తి. హాతీరాం నౌకరి తను ఎలా పోగొడుతుంది, ఆయన్ని అడగకుండా? అడిగితే వద్దంటాడు. వద్దన్నాక చెబితే ఇంకా తప్పు. కూలర్ గుడగుడమంటూ తిరిగి తిరిగి ఒక్కసారిగా ఆగిపోయింది. కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో తలుపు వెనక ఆ పిల్ల గొంతు వినపడింది. ఇంగ్లీషే, అర్థం కాలేదు, అయినా ఆ గొంతులో ఏముందో అర్థమైంది. ఒప్పుకుంటోంది. చూడలేదేమోనని ఒప్పుకుంటోంది.

తలుపు తెరుచుకుంది. "సక్రీ, రా లోపలికి," అన్నాడు జయప్రకాశ్.

గదిలో ఉక్క. కిటికీలు తెరిచారు. పిల్లను ఓ పక్క కుర్చీలో అలాగే కూర్చోబెట్టారు, తల వంచుకుని కట్టు దారాన్ని లాగుకుంటోంది. సక్రికి కుర్చీ వేశారు, నిలబడే ఉంది. పెద్ద ఆఫీసరు ఏదో అడిగాడు, మర్యాదగానే, అప్పటికే కాగితం మీద తర్వాతి గడికి కలం జరిపి. జయప్రకాశ్ కొత్తగూడెం బొగ్గుబాయి మనిషి కొడుకు, ఎవరినీ కసురుకోడు, మెల్లగా తెలుగులో చెప్పాడు. "నువ్వు పిల్లను కాపాడిన సంగతి వీళ్లకు తెలుసు. ఒక్కటే అడుగుతున్రు. ఆ పొద్దున యాడన్న పొగ గిట్ల కనవడ్డదా నీకు?"

"అవ్ సారూ. మంట నేనే పెట్టిన."

తన గొంతు తనకే మామూలుగా వినిపించింది. ఇంత సులువా అనుకుంది. "ఇప్ప చెట్టు కింద ఆకు కాలవెట్టిన. పొగ వాగుల పడి కిందికి పోయింది. పైన గాలి గట్ల లేదు సారూ, పడమటి గాలి. బిడ్డ చూసింది నిజమే."

పిల్ల తలెత్తింది. జయప్రకాశ్ మాత్రం నోరు తెరవలేదు. ఆఫీసర్లు ఆయన వైపు చూస్తున్నారు, ఏమంటోంది అన్నట్టు. ఆయన సక్రి వైపు వంగి, చాలా తగ్గించి అన్నాడు. "వీళ్లకు తెలుగు రాదు సక్రీ. నేనింక ఏం చెప్పలే. కంచె లోపల మంటంటే క్వార్టర్ ఉంచుడు నా చేతిల ఉండదు. హాతీరాం నౌకరి సుత పోతది. చెప్పాల్నా?"

కిటికీలోంచి రన్‌వే కనబడుతోంది, ఎండకు మెరుస్తూ, ఖాళీగా. ఆ పిల్ల తనవైపే చూస్తోందని సక్రికి తెలుస్తోంది. అటు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుంది, ఏడిస్తే మాట తడబడుతుంది.

"చెప్పు సారూ."

చెప్పాడు. సక్రి ఆరు రోజులు మోసింది ఇంగ్లీషులో నాలుగు ముక్కలైంది. పెద్ద ఆఫీసరు కలం ఆపి, సక్రిని కాదు, ఆ పిల్లను చూశాడు. పిల్ల మంచి చేత్తో ముఖం కప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. చిన్న ఆఫీసరు ఏదో అడిగాడు. జయప్రకాశ్ తెలుగులో చెప్పాడు. "ప్రమాదం నాడు మధ్యాహ్నం పోలీసోళ్లు వాగంత తిరిగి చూసిన్రట. మసి లేదు, బూడిద లేదు. ఎవ్వలు తీసేసిన్రు అంటున్రు."

"నేనే తీసిన," అంది సక్రి వెంటనే. "మంట పెట్టింది నేను, కప్పింది నేను. నా మొగనికి ఎర్కలేదు." ఈ గదిలో ఆమె చెప్పిన అబద్ధం ఇదొక్కటే. దీనికి మాత్రం గొంతు వణికింది.

"కాదు సారూ."

గుమ్మంలో హాతీరాం. ఎప్పుడొచ్చాడో, చేతిలో తీగ బిగించే పట్టకారు అలాగే ఉంది. లోపలికి వచ్చి సక్రి పక్కన నిలబడ్డాడు. ఆమెను చూడలేదు, ఆఫీసర్లను చూశాడు, తర్వాత ఆ పిల్లను.

"కప్పింది నేను. అది కప్పే యాళ్లకు ఆమె ఇక్కడ లేదు సారూ. అంబులెన్సుల ఈ బిడ్డ తలను ఒళ్లో పెట్టుకొని పోయింది."

ఈసారి జయప్రకాశ్ ఎవరినీ అడగలేదు. ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు.